విడాకులు మన ఊళ్లకు కొత్తా?

ఈ నెల ఉత్తరాలన్నీ పెళ్లి, కాపురం, విడిపోవడం చుట్టూనే తిరిగాయి. నేను వకీలును కాను, జాతకాలు చూసేదాన్ని కాను. కాలేజీలో పిల్లలకు సమాజశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. నాకు తెలిసిన మేరకు చెబుతాను. పేర్లు వద్దన్నవాళ్లవే కాదు, ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. వయసు 74. మా కాలంలో మా వీధి మొత్తం మీద ఒక్క విడాకుల కేసు వినలేదు. ఇప్పుడు మా దగ్గరి బంధువుల్లోనే మూడు. ఆడపిల్లలకు చదువులు, ఉద్యోగాలు వచ్చాక ఓర్పు తగ్గిందని నా అభిప్రాయం. పాశ్చాత్య ప్రభావం కూడా ఉంది. మీరు ఒప్పుకుంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ వీధిలో విడాకులు లేవంటే నమ్ముతాను. కానీ మొగుడు వదిలేసిన ఆడమనిషి కూడా ఒక్కరూ లేరా? ఇల్లిల్లూ ఒకసారి గుర్తు చేసుకోండి. పుట్టింటి వెనక వసారాలో ఉంటూ, అన్నగారి పిల్లలకు జడలు వేస్తూ, ఇంట్లో పెళ్లి జరుగుతుంటే వంటల దగ్గరే ఉండిపోయి పీటల వైపు రాని అత్తయ్యలు.

మా ఇంట్లో అలా ఒకావిడ ఉండేది, మా నాన్నకు అక్క. పదమూడో ఏట పెళ్లయింది, రెండేళ్లు తిరక్కుండా పుట్టింటికి వచ్చేసింది, మళ్లీ వెళ్లలేదు. అవతల ఆయన ఇంకొకావిడను చేసుకున్నాడు. ఎవరడిగినా మా నాయనమ్మ "అబ్బాయి ఉద్యోగం దూరం" అనేది. మా అత్త పోయేదాకా నల్లపూసలు తీయలేదు. జనాభా లెక్కల వాళ్లు వస్తే "వివాహిత" అని రాసుకుని వెళ్లారు. మీ లెక్కలోనూ, ప్రభుత్వం లెక్కలోనూ ఆవిడది నిలబడ్డ కాపురమే.

2011 జనాభా లెక్కలు చూడండి. దేశం మొత్తం మీద విడాకులు తీసుకున్నామని చెప్పినవాళ్లు 13.6 లక్షల మంది. విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నామని చెప్పినవాళ్లు 35 లక్షల దాకా ఉన్నారు. అంటే కోర్టు గుమ్మం ఎక్కినవాళ్ల కంటే ఎక్కనివాళ్లు రెండున్నర రెట్లు. రెండు లెక్కల్లోనూ మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. ఇద్దరు విడిపోతే చెరొకరు ఉండాలి కదా, ఆడవాళ్లు ఎలా ఎక్కువయ్యారంటారా? మగవాడు తొందరగానే ఇంకో పెళ్లి చేసుకుని "వివాహితుడు" గళ్లోకి వెళ్లిపోతాడు. ఆవిడ అక్కడే ఉండిపోతుంది.

ఇంకో సంగతి. మీది ఏ వీధో నాకు తెలియదు గానీ, అదే ఊళ్లో కూలి చేసుకునేవాళ్లు, చేతివృత్తుల వాళ్లు ఉండే వైపు వెళ్లి అడిగి ఉంటే వేరే మాట వినేవారు. అక్కడ పెద్దమనుషుల్లో పెట్టి తెగతెంపులు చేసుకోవడం, ఓలి (పెళ్లప్పుడు అబ్బాయి వాళ్లు పిల్ల వాళ్లకు ఇచ్చే సొమ్ము) తిరిగి ఇచ్చేయడం, మారుమనువు చేసుకోవడం తాతల నాటినుంచీ ఉన్నవే. మద్రాసు ప్రెసిడెన్సీ కులాల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చయ్యాయి. వాటిలో తెలుగు కులాలు చాలావాటి దగ్గర, వీళ్లలో విడాకులు ఉన్నాయి, మారుమనువు ఉంది అని రాసి ఉంటుంది. ఆ అమ్మమ్మలు ఇంగ్లీషు సినిమాలు చూసి విడిపోలేదు. పాశ్చాత్య ప్రభావం అన్నది మనం తరచూ చేతికందిన రాయిలా వాడేస్తుంటాం.

మరి ఆ పద్ధతులు నామోషీ ఎలా అయ్యాయి? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలవల నీళ్లొచ్చాక డెల్టాలో భూమి ఉన్న కులాల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. డబ్బు వచ్చినవాళ్లు పై కులాల పద్ధతులు ఎత్తుకోవడాన్ని సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నారు. ఓలి పోయి కట్నం వచ్చింది, మారుమనువు నామోషీ అయింది, విడిపోవడం కుటుంబ పరువు సంగతి అయింది. మనం "మన సంప్రదాయం" అని చెప్పుకునే దాంట్లో కొంత భాగం కాలవలు తవ్విన తర్వాతది.

చట్టం వరస కూడా చెప్పుకుందాం. మద్రాసు రాష్ట్రంలో 1949లోనే రెండో పెళ్లిని నిషేధించి, హిందువులకు విడాకుల హక్కు ఇస్తూ చట్టం చేశారు. 1955లో దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే వీలు 1976లో గానీ రాలేదు. అంటే మీరు యువకులుగా ఉన్నప్పుడు విడాకులు కావాలంటే ఒకళ్ల మీద ఒకళ్లు తప్పు రుజువు చేసుకోవాల్సిందే. పరువున్న కుటుంబం ఆ పని చేస్తుందా? పిల్లను వసారాలో ఉంచేస్తుంది.

ఇక అసలు మారింది ఏమిటి? నన్నడిగితే ముందు మేనరికాలు తగ్గడం. దక్షిణాదిలో పిల్ల అత్తారింటికి వెళ్లడమంటే తెలిసినవాళ్ల మధ్యకు వెళ్లడమేనని మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే 1953లోనే వివరంగా రాశారు. అత్తగారు మేనత్త, మామగారు మేనమామ. మొగుడూ పెళ్లాలు గొడవపడితే ఇద్దరికీ అమ్మమ్మో నాయనమ్మో ఒకటే. ఆవిడ ఇద్దర్నీ తిట్టగలదు. ఆ ఏర్పాటులో రక్షణ ఉంది, ఉచ్చూ ఉంది. మేనమామ కొడుకు కొట్టినా చెప్పుకోవడానికి మనిషి ఉండడు, అందరూ అటువైపు బంధువులే కాబట్టి. నేనేమీ మేనరికాలు తిరిగి రావాలని కోరుకోవడం లేదు. ఇప్పుడు తెనాలి పిల్ల, నెల్లూరు పిల్లాడు, మ్యాట్రిమొనీ సైట్‌లో పరిచయం, కాపురం పుణెలో. ఇద్దరికీ కలిపి పెద్ద అనదగ్గ మనిషి ఒక్కరు ఉండరు. మనస్పర్థ వస్తే రెండు ఫోన్లు రెండు వైపులకు వెళతాయి. రెండు వైపుల నుంచీ రెండు సైన్యాలు బయల్దేరతాయి.

రెండో మార్పును ఎవరూ పట్టించుకోరు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పిల్లలు 1992-93 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.6. 2019-21 సర్వేలో 1.7. ఈ సంఖ్యకూ విడాకులకూ ఏం సంబంధం అంటారేమో. "నీ వెనక ఇద్దరు చెల్లెళ్లున్నారు, నువ్వు వచ్చేస్తే వాళ్లకు సంబంధాలు రావు" అన్న మాట ఎన్ని వేల కాపురాలను పట్టి ఉంచిందో మీకు తెలుసు, నాకు తెలుసు. ఇవాళ ఆ చెల్లెళ్లు పుట్టలేదు. ఉన్నది ఒక్క పిల్ల. ఆ పిల్ల రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఏడిస్తే తండ్రి తెల్లారేసరికి కారేసుకుని వెళ్లిపోతున్నాడు. ఇరవై ఏళ్ల కిందట ఇదే తండ్రి తన చెల్లెలికి సర్దుకుపొమ్మని ఉత్తరం రాసిన మనిషే. ఆయన స్వభావం మారలేదు, లెక్క మారింది.

చదువూ ఉద్యోగం సంగతిలో మీ మాట కొట్టిపారేయను. సొంత జీతం ఉన్న అమ్మాయి బయటికి రాగలదు, మా అత్త రాలేకపోయింది. కానీ మా అత్త కాపురం జీతం వల్ల చెడలేదు కదా. చెడిన కాపురంలోంచి బయటికి వచ్చి సొంతంగా బతకడానికి జీతం పనికొస్తుంది. చెడగొట్టింది జీతమేనని ఎలా అంటాం?

మీ బంధువుల్లో ఆ ముగ్గురి ఇళ్లల్లో ఏం జరిగిందో ఆ పిల్లలను ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా?

ప్రశ్న: మా అబ్బాయికి 34 ఏళ్లు. డిగ్రీ చదివి వ్యవసాయం చేస్తున్నాడు. ఆరెకరాలు సొంతం, ఇంకో నాలుగు కౌలు. మిర్చి, పత్తి వేస్తాడు. ఏ అలవాట్లూ లేవు. ఎన్నేళ్లుగానో తిరుగుతున్నాం, సంబంధం కుదరడం లేదు. పాతిక వేల జీతం ఉన్నవాడికి ఇస్తామంటారు గానీ, కోటి రూపాయల పొలం ఉన్నవాడికి ఇవ్వమంటారు. మేం ఏం పాపం చేశాం?
– ఒక తల్లి, సత్తెనపల్లి దగ్గర

జవాబు: పాపం ఏమీ లేదమ్మా. మీ ఒక్క ఇంటి కథా కాదు. పల్నాడు నుంచి కోనసీమ దాకా, అటు నల్గొండ, ఖమ్మం వైపు కూడా ఇదే మాట వింటున్నాను.

పిల్లనిచ్చేటప్పుడు మనకంటే ఒక మెట్టు పైన ఉన్నవాళ్లకు ఇవ్వాలని చూడడం మనవాళ్ల అలవాటు. మీ పెళ్లినాటికి ఆ పై మెట్టు మీద పొలం ఉంది. పదెకరాల ఆసామి అంటే బ్యాంకు గుమస్తా కూడా తగ్గి మాట్లాడేవాడు. ఇప్పుడు ఆ మెట్టు మీద నెల జీతం కూర్చుంది. పొలం ధర పెరిగింది నిజమే, కానీ అది అమ్మితే వచ్చే డబ్బు. పిల్ల తండ్రి అడిగేది నెలనెలా ఏమొస్తుందని. ఆ ఏడాది తామర పురుగు పడితే మిర్చి రైతు ఏం జవాబు చెబుతాడు?

పిల్ల వైపు నుంచి కూడా చూడండి. పొలం ఆమెకు ఆస్తిగా కనిపించదు, పనిగా కనిపిస్తుంది. కోతలప్పుడు కూలీలకు అన్నాలు, తెల్లవారుజామున పాలు పిండడం, ఇంటిల్లిపాదికీ వంట. వాళ్లమ్మ చేసిన చాకిరీ చూస్తూ పెరిగింది. "నాలాగా కాకూడదు" అని ఆ అమ్మే చెప్పి పెంచింది. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మీ చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు కాలేజీ బస్సులెక్కి ఇంజినీరింగ్‌కు వెళ్లారు. అబ్బాయిల్లో ఒకణ్ని పొలం కోసం ఇంట్లో ఉంచుకున్నారు. ఊళ్లో అబ్బాయి మిగిలాడు, అమ్మాయి మిగల్లేదు. లెక్క అంతే.

స్కానింగ్‌లు చేయించి ఆడపిల్లల్ని తీయించుకున్న పాపం కూడా ఉందని కొందరు రాస్తున్నారు. మీ అబ్బాయి వయసు వాళ్లకు అది చిన్న కారణం. వాడి వెనక పదిహేనేళ్లకు పుట్టినవాళ్లకు పెద్ద కారణమే అవుతుంది. పైగా మనం వెతికేది మన కులంలోనే. 2011-12లో దేశవ్యాప్తంగా జరిగిన మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు నూటికి అయిదే తేలాయి. ఉన్న కొద్దిమంది అమ్మాయిల్లోంచి కులం, శాఖ, గోత్రం, నక్షత్రం తీసేస్తే మీ పెళ్లిళ్ల పేరయ్య చేతిలో ఎన్ని ఫోటోలు మిగులుతాయి?

ఎదురు కట్నం ఇచ్చి చేసుకునేవాళ్లు మళ్లీ కనిపిస్తున్నారు. పెళ్లి ఖర్చంతా అబ్బాయి వాళ్లదే అనడం మామూలైపోయింది. అందులో తప్పు పట్టను. కానీ రెండు మూడు లక్షలు తీసుకుని ఎక్కడినుంచో పిల్లను తెస్తామనే బ్రోకర్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఆ పిల్ల ఇష్టపడి వస్తోందో, అమ్ముడుపోయి వస్తోందో మీకు తెలియదు.

మీ చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను. సత్తెనపల్లిలో ఒక అద్దె ఇల్లు తీసుకుని, అబ్బాయి బండి మీద పొలానికి వెళ్లి రావచ్చు. చాలామంది రైతులు అలాగే చేస్తున్నారు. రెండెకరాలు కోడలి పేర రాస్తామని ముందే చెప్పవచ్చు. ఆమె చదివిన చదువుకు తగ్గ ఉద్యోగం చేస్తానంటే చేయనివ్వవచ్చు. విడాకులైన అమ్మాయి అయినా ఫర్వాలేదని పేరయ్యతో మీ నోటితో మీరే చెప్పండి, ఇప్పటిదాకా చెప్పి ఉండరు. అన్నట్టు, మీకో అమ్మాయి కూడా ఉందని రాశారు. ఆమెను రైతుకు ఇచ్చారా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నాకు 29, పెళ్లై మూడేళ్లు. ఇద్దరం సాఫ్ట్‌వేర్. మా ఆయన తాగడు, కొట్టడు, చెడ్డ మనిషి కాదు. కానీ ఇల్లు నడిపేది నేనే. "ఏం హెల్ప్ చేయాలో చెప్పు, చేస్తాను" అంటాడు. ఆ చెప్పడంతోనే అలిసిపోతున్నాను. రెండు సార్లు విడిపోదామని అన్నాను. "కారణం ఏంటి?" అని అడిగితే చెప్పలేకపోయాను. అమ్మ అడ్జస్ట్ అవమంటుంది. కారణం లేకుండా విడిపోవాలనుకోవడం నా తప్పా?

జవాబు: కారణం లేకపోవడం కాదమ్మా, నీ కారణానికి మన వాళ్ల దగ్గర పేరు లేదు. మనం ఒప్పుకునే కారణాలు మూడే: తాగుడు, దెబ్బలు, ఇంకో ఆడది. ఈ మూడూ లేకపోతే కాపురం బాగున్నట్టే లెక్క. నీకు పదేళ్ల కిందట ఇదే ప్రశ్న వేసినవాళ్లు ఉత్తరం చివర "చింపేయండి" అని రాసేవాళ్లు. నువ్వు ఊరి పేరు కూడా రాశావు.

కేంద్ర ప్రభుత్వం 2019లో ఎవరు ఏ పనికి రోజూ ఎంతసేపు పెడుతున్నారని సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసినవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. చేసినవాళ్లను మాత్రమే తీసుకున్నా ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు పట్టింది, మగవాళ్లకు 97. అయిదు గంటలకు గంటన్నర. కూరగాయలు అయిపోయాయని, గ్యాస్ బుక్ చేయాలని, మామగారి బీపీ మాత్రలు ఎల్లుండికి అయిపోతాయని గుర్తు పెట్టుకునే పని ఇందులో లెక్కకు రాదు. నువ్వు అలిసిపోయేది దానివల్లే.

పాత ఒప్పందం ఒకటి ఉండేది. అతను సంపాదించి తేవాలి, ఆమె ఇల్లు చూడాలి. అది న్యాయమైనదని నేననను, కానీ ఇద్దరికీ అర్థమైన ఒప్పందం. మీ తరంలో అమ్మాయిలు ఆ ఒప్పందంలో మొదటి సగాన్ని వచ్చి పంచుకున్నారు. రెండో సగాన్ని పంచుకోవడం అబ్బాయిలకు ఎవరూ నేర్పలేదు. మీ అత్తగారు కొడుకును ఐఐటీ కోచింగ్‌కు పంపింది గానీ, తిన్న కంచం తీయమని చెప్పి ఉండదు. మీ అమ్మ కూడా నిన్ను ఉద్యోగం చేయమంది, వంట కూడా రావాలంది. ఇద్దరు తల్లులూ పిల్లల మంచికే చేశారు. ఆ రెండు మంచిలూ మీ టూ బీహెచ్‌కేలో తగులుకుంటున్నాయి.

ఇంకోటి కూడా గమనించాను. మీ వయసు జంటలను కలిపి ఉంచుతున్నది ఈ రోజుల్లో బంధువుల కంటే హోమ్ లోన్. ఇద్దరి జీతం మీద తీసుకున్న ఇరవై ఏళ్ల అప్పు. ఫ్లాట్ ఎవరిదనే దగ్గర ఆగిపోయి ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఉంటున్నవాళ్లు నాకు తెలుసు. అమీర్‌పేటలో ఉన్న నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి "మేడమ్, మాది పెళ్లి కాదు, పార్ట్‌నర్‌షిప్ డీడ్" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఉండమనీ చెప్పను, వెళ్లిపొమ్మనీ చెప్పను. ఒక పని చేసి చూడు. ఒక వారం పాటు ఇంట్లో ఎవరు ఏ పని చేశారో, ఏ పని ఎవరికి గుర్తొచ్చిందో ఇద్దరూ విడివిడిగా రాయండి. ఆదివారం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోండి. తర్వాత కొన్ని పనులు పూర్తిగా అతనికి అప్పజెప్పు. అంటే చేయడం ఒక్కటే కాదు, గుర్తు పెట్టుకోవడం కూడా. మర్చిపోతే మర్చిపోనీ, ఒక పూట అన్నం లేకపోయినా ఫర్వాలేదు. నువ్వు వెనక నుంచి అందుకోవద్దు. రెండు మూడు నెలలకు అతను కదలకపోతే, అప్పుడు నీ దగ్గర కారణం ఉంటుంది, రాతపూర్వకంగా.

ప్రశ్న: నా భార్య పుట్టింటికి వెళ్లి ఏడాదిన్నర అవుతోంది. కాపురానికి రమ్మని కోర్టులో కేసు వేస్తే వస్తుందని వకీలు సాబ్ అంటున్నడు. వెయ్యాలా?
– కరీంనగర్ జిల్లా

జవాబు: ఆమె రావాలని మీకు నిజంగా ఉంటే కేసు వేయకండి, మీరే వెళ్లండి. ఆ కేసు గెలిచినా పోలీసులు ఆమెను తెచ్చి మీ ఇంట్లో దింపరు. ఒక సినిమా నటి కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి పి.ఎ. చౌదరి గారు, ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపడం ఆమె స్వేచ్ఛను హరించడమేనని, కాపురానికి రమ్మని కేసు వేసే వీలిచ్చే సెక్షన్‌నే కొట్టేశారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. కాబట్టి అది ఇంకా చట్టంలో ఉంది. వాడుకలో మాత్రం ఎక్కువగా దేనికి పనికొస్తుందంటే, ఆర్డర్ వచ్చాక ఏడాది పాటు కలిసి ఉండకపోతే దాన్ని పట్టుకుని విడాకులు అడగొచ్చు. రమ్మని వేసే కేసు చాలాసార్లు పొమ్మనడానికి మొదటి మెట్టు. మీ వకీలు సాబ్ ఏది మనసులో పెట్టుకుని చెప్పారో అడగండి.

ప్రశ్న: మా చెల్లెలు హెచ్-4 వీసా (భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకు ఇచ్చేది) మీద డాలస్‌లో ఉంది. ఎంటెక్ చదివింది, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. భర్త రెండు నెలల కిందట ఇండియాకు టికెట్ కొని "కొన్నాళ్లు మీ ఇంట్లో ఉండు" అని పంపేశాడు. ఇప్పుడు అక్కడి కోర్టు నుంచి విడాకుల నోటీసు వచ్చింది. మా నాన్న పరువు పోతుందని ఎవరికీ చెప్పొద్దంటున్నారు.
– ఒక అన్న, రాజమహేంద్రవరం

జవాబు: ముందు నోటీసుకు గడువులోగా జవాబు పంపించండి. పరువు సంగతి తర్వాత. ఊరుకుంటే అక్కడ ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేస్తారు. తిరుపతిలో 1975లో పెళ్లి చేసుకున్న ఒక జంట విషయంలో ఇలాగే భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నాడు. 1991లో సుప్రీంకోర్టు అది ఇక్కడ చెల్లదంది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణాల మీదే విడాకులు ఉండాలని, అవతలి మనిషి ఆ కోర్టుకు నిజంగా ఒప్పుకుని హాజరై ఉండాలని చెప్పింది. అందుకే జవాబు ఎలా రాయాలన్నది కూడా ముఖ్యం. ఈ తీర్పు తెలిసిన వకీలు చేత రాయించండి.

ఇక సమాజశాస్త్రం మాట. ఎంటెక్ చదివిన పిల్ల పెళ్లితో ఒక్కసారిగా ఇంకొకరి వీసాకు తోక అయిపోయింది. 2015 నుంచి హెచ్-4 వాళ్లలో కొందరికి పని చేసే అనుమతి వచ్చింది గానీ, అది కూడా భర్త గ్రీన్‌కార్డు కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయన్న దాన్ని బట్టే. డబ్బు అతని చేతిలో, వీసా అతని చేతిలో, కారు తాళాలు అతని చేతిలో. ఇక్కడ అత్తారింట్లో ఉంటే పక్కింటావిడకు అరుపులైనా వినిపిస్తాయి. అక్కడ అదీ లేదు. మనవాళ్లు అమెరికా సంబంధం అనగానే అబ్బాయి జీతం అడుగుతారు, వీసా ఏ దశలో ఉందో కూడా అడుగుతారు. పిల్ల చేతికి ఏమొస్తుందని మాత్రం అడగరు.

మీ నాన్నగారితో చెప్పండి, బంధువులకు ఈపాటికే తెలిసే ఉంటుంది. మీ చెల్లెలి సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? అక్కడే ఉండిపోతే డూప్లికేట్‌లకు ఈ వారమే పెట్టండి.

ప్రశ్న: మేడమ్, మీ శీర్షిక ప్రతి నెలా చదువుతాను. ఎప్పుడూ హైదరాబాదు విడాకుల గురించే రాస్తారు. మా దిక్కు పిల్లలకు పదహారేళ్లకే పెళ్లిళ్లు చేస్తున్నారు, అది ఎవరికీ పట్టదు. నేను అంగన్‌వాడీ టీచర్ని. మా ఊళ్లో పది పాసైన ఒక పిల్లకు మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. చెబితే నామీద పడతారు. ఏం చేయాలి?
– ఆదోని ప్రాంతం

జవాబు: మీ కోపం న్యాయమైనదే. మన తెలుగు రాష్ట్రాల్లో 29 ఏళ్లకు పెళ్లి వద్దనుకునే అమ్మాయి, 16 ఏళ్లకు పెళ్లైపోతున్న అమ్మాయి ఒకే కాలంలో ఉన్నారు. పత్రికల్లో మొదటి అమ్మాయి కనిపిస్తుంది. 2019-21 సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3, తెలంగాణలో 23.5. దేశం సగటు 23.3. మనది దేశం కంటే వెనకబడ్డ లెక్క.

మీ దిక్కున ఎందుకు జరుగుతోందో మీకు నాకంటే బాగా తెలుసు. వానలు లేక తల్లిదండ్రులు మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోతారు. ఎదిగిన పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి వెళ్లాలంటే భయం. తీసుకెళితే చదువు ఆగుతుంది, చేను గట్టున గుడిసెలో ఇంకా భయం. ఏ అబ్బాయితోనో మాట్లాడిందని పుకారు లేస్తే అంతే సంగతులు. వాళ్ల దృష్టిలో పెళ్లి అంటే పిల్లకు కాపలా. కూలిపని చేసే ఇంట్లో ఆ భయాన్ని మూఢత్వం అని తీసిపారేస్తే వాళ్లు మన మాట వినరు. పైగా సత్తెనపల్లి తల్లి ఉత్తరం చూశారుగా, పిల్ల దొరకని ఇళ్లు ఉన్నంత కాలం పదహారేళ్ల పిల్ల కోసం కట్నం లేకుండా వచ్చేవాళ్లూ ఉంటారు. ఈ పిల్లల్లో కొందరు ఇరవై రెండేళ్లకు ఒక బిడ్డతో పుట్టింటికి తిరిగొస్తారు. వాళ్లకు కోర్టూ ఉండదు, కాగితమూ ఉండదు. నేను తెనాలి మాస్టారికి చెప్పిన 35 లక్షల్లో వీళ్లూ ఉన్నారు.

తెలంగాణలో కల్యాణలక్ష్మి డబ్బుకు పిల్లకు 18 నిండాలన్న షరతు పెట్టారు. 2014లో 51 వేలతో మొదలైంది, ఇప్పుడు లక్షా 116. మన వైపు 2022లో కల్యాణమస్తుకు వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్నారు. ఇలాంటి షరతులు ఎంతో కొంత పనికొస్తాయి, పిల్ల వయసు కాగితం మీదకు వస్తుంది కాబట్టి. కానీ మీ ఊళ్లో ఆ పిల్ల పది పాసయింది. పెళ్లి ఆగలేదు.

ఇప్పుడు చేయాల్సింది. మీరు నేరుగా వాళ్ల ఇంటికి వెళ్లకండి, మీరు ఆ ఊళ్లోనే బతకాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అంగన్‌వాడీల పై అధికారి, మీ సీడీపీఓ గారికి రాసి ఇచ్చి ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. 2006 చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ముందుగానే పెళ్లి ఆపమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు ఉండగా చేస్తే ఆ పెళ్లి చెల్లనే చెల్లదు. మాఘం దాకా సమయం ఉంది కాబట్టి ఇది సాధ్యమే. ఒకవేళ రాత్రికి రాత్రి గుళ్లో చేసేసినా, పిల్లకు ఇరవై ఏళ్లు నిండేలోపు కోర్టుకు వెళ్లి ఆ పెళ్లి రద్దు చేయించుకునే హక్కు ఉంది. ఈ మాట ఆ పిల్లకు తెలిసేలా ఎవరి చేతనైనా చెప్పించండి.

ఆపడంతో పని అయిపోదు. వాళ్ల నాన్న అడిగేది "మేం కోతలకు పోతే పిల్ల యాడుంటాది?" అని. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. కస్తూర్బా విద్యాలయాల్లో చాలాచోట్ల ఇంటర్ కూడా పెట్టారు, హాస్టల్ ఉంటుంది. సీటు సంగతి ముందు కనుక్కుని, అప్పుడు ఫోన్ చేయండి.